పంతొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిన గొంతు

ఈవిణ్ని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. గొంతైతే ఈపాటికి వినే ఉంటారు. ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో పిల్లాణ్ని లాక్కుంటూ పెద్ద బస్టాండులో పరిగెడుతుంటే, ‘నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరో రెండు నిమిషాల్లో బయలుదేరుతుంది’ అని నెత్తి మీద స్పీకర్లోంచి నిదానంగా, మీ కంగారు తనకేమీ పట్టనట్టు ఒక గొంతు చెప్తుంది చూడండి, అది ఈవిడదే. ఇరవై రెండేళ్లుగా అదే అద్దాల గది, అదే మైకు. అందరూ అనౌన్సరక్క అంటారు. ఇంట్లో భర్త మాత్రం, ‘భోజనానికి రండి అని నువ్వు పిలిస్తే టిక్కెట్టు కొనుక్కుని రావాలేమో అనిపిస్తుందే’ అంటాడు.

అయితే కలవమన్నది బస్టాండు గొంతు కోసం కాదు. వారానికి రెండు మధ్యాహ్నాలు డ్యూటీ దిగాక ఈవిడ కళ్లు కనపడనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. మందుల షాపు పైన మేడ మీద ఒక చిన్న లైబ్రరీ ఉంది. అందులో ఒకప్పుడు పాత సామాన్లు పడేసిన గదే ఇప్పుడు రికార్డింగు గది. చప్పుడు రాకుండా గోడలకి బొంతలు కొట్టారు. ఫ్యాను వేస్తే మైకులో గాలివాన వినపడుతుంది కాబట్టి ఫ్యాను లేదు. గాజులూ వాచీ తీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టాలి. కుర్చీ కిర్రుమంటే ఆ వాక్యం మొదట్నుంచీ మళ్లీ చదవాలి. పేజీ తిప్పేటప్పుడు నోరు మూసుకుని, తిప్పి, మనసులో రెండంకెలు లెక్కపెట్టి అప్పుడు ఎత్తుకోవాలి. అద్దం అవతల ఇన్‌చార్జి గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆ లైబ్రరీకి గుమాస్తా, మెకానిక్కు, చీపురు పట్టే మనిషీ అన్నీ ఆయనే.

ఈవిడ గురించి ముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఈవిడ ఏ పుస్తకాన్నీ ముందుగా చదివి పెట్టుకోదు. మైకు ముందే మొదటిసారి చదువుతుంది. తర్వాతేమవుతుందో తనకే తెలియకపోతే గొంతులో ఆత్రం నిజంగా పలుకుతుందని తనకి తనే చెప్పుకునేది. అసలు కారణం తీరిక లేకపోవడం. దాంట్లో తప్పేం లేదు. కానీ ఒకసారి లైబ్రరీ వార్షిక సమావేశంలో ఎవరో, ‘అంత బాగా ఎలా చదువుతారండీ?’ అని అడిగితే నోరు జారి, ‘ఏ పుస్తకమైనా మూడుసార్లు చదివాకే మైకు ముందు కూర్చుంటానండీ’ అనేసింది. ఆ మాట లైబ్రరీ పత్రికలో అచ్చయింది. ఇక వెనక్కి తీసుకోవడం ఎలా? ‘మూడుసార్లు చదివే అక్క’ అని పేరు పడిపోయింది.

ఆ పేరుని అందరికంటే గట్టిగా నమ్మినాయన గడియారాల బాబాయి. ముప్పై ఏళ్లు వాచీలు బాగుచేసి, షుగరు వల్ల చూపు పోయాక దుకాణం మూసేసిన మనిషి. వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి, అదే బ్రెయిలీ, నేర్చుకోబోతే వేళ్ల చివర్లు కూడా మొద్దుబారిపోయి ఉన్నాయి. అదీ షుగరే. ‘వెంట్రుకంత స్ప్రింగు పట్టుకున్న వేళ్లమ్మా ఇవి. ఇప్పుడు గ్లాసు వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా చెప్పట్లేదు, దొంగ సచ్చినవి’ అనేవాడు. కాబట్టి ఆయనకి పుస్తకమంటే ఎవరో ఒకరి గొంతే. పిన్ని, అంటే ఆయన భార్య, చదివి వినిపిద్దామని కూర్చుంటుంది గానీ రెండో పేజీకల్లా గుర్రు పెడుతుంది.

బాబాయికి ఒక అలవాటు. విన్న రికార్డు తిరిగి పంపేటప్పుడు కవర్లో ఒక చీటీ పెడతాడు. తను చెప్తుంటే పిన్ని రాస్తుంది. ‘ఆరో అధ్యాయం, పద్నాలుగో నిమిషం, దగ్గు. తొమ్మిదో అధ్యాయం, ముప్పయ్యో నిమిషం, “కాదు” అనాల్సింది “కదూ” అన్నావు. మిగతా బాగుంది.’ ఇన్‌చార్జి గారు ఆ చీటీ చూసుకుని రికార్డు దిద్దుకునేవారు. నెలకోసారి, మొదటి ఆదివారం, పక్కవీధి హాల్లో పాతికమంది కూడి ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. అందరూ కళ్లున్నవాళ్లే, బాబాయి ఒక్కడు తప్ప. ‘మనం చూసి మర్చిపోయింది ఆయన విని గుర్తుపెట్టుకుంటాడు’ అంటూ ఆయన్ని వాళ్లు చెవుల మాస్టారు అని పిలిచేవారు. బయటికి ఒప్పుకునేవాడు కాదు గానీ, ఆ పిలుపంటే ఆయనకి ప్రాణం.

ఒకసారి ఆ సభవాళ్లు ఒక నవల ఎంచుకున్నారు. రైలు గేటు దగ్గర కాపలా ఉండే ఒక తండ్రి కథ. కూతురు మాట మాత్రం చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. రోజుకి పదకొండుసార్లు గేటు దించుతూ ఎత్తుతూ, వెళ్లే ప్రతి రైలు కిటికీల్లోకి ఆ తండ్రి చూస్తూ ఉంటాడు. ‘అమ్మాయ్, అది నువ్వే చదవాలి’ అని బాబాయి పట్టుబట్టాడు.

అప్పట్లో చట్టం ఇలా ఉండేది. చుక్కల అచ్చు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గొంతుతో రికార్డు చెయ్యాలంటే మాత్రం పుస్తకం వేసినవాళ్లు ఒప్పుకోవాలి. గొంతైతే ఎవరి చెవికైనా వినపడుతుంది, ఇక కొనేదెవరని వాళ్ల భయం. ఇన్‌చార్జి గారు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు. పదింటికి రెండు జవాబులొస్తే గొప్ప. ఈ నవల వాళ్లు మాత్రం ఫోన్లోనే, ‘మొదలెట్టెయ్యండి సార్, కాగితం తర్వాత పంపిస్తాం’ అన్నారు. పుస్తకం కూడా వాళ్లే ఒకటి పంపారు. మొత్తం ఇరవై ఆరు అధ్యాయాలు. రికార్డయినవి అయినట్టు బాబాయికి చేరుతున్నాయి.

పంతొమ్మిదో అధ్యాయం చివర తెల్లవారుతుంటుంది, అంతా మంచు. గేటుకి అల్లంత దూరంలో రైలు ఆగుతుంది. ఎవరో దిగుతారు. పట్టాల పక్కనే నడుచుకుంటూ ఇటే వస్తుంటారు. అక్కడ ఆపి అనౌన్సరక్క ఇంటికెళ్లింది. మళ్లీ వచ్చేసరికి ఇన్‌చార్జి గారి బల్ల మీద కాగితం ఉంది. ఆడియో హక్కులు వేరే కంపెనీకి ఇచ్చేశాం, రికార్డింగు ఆపెయ్యండి, మేం పంపిన పుస్తకం వెనక్కి పంపండి అని.

‘పంపేశారా?’ అంది.

‘పొద్దున్నే పోస్టులో వేసేశానమ్మా. కోర్టు మెట్లెక్కే ఓపిక నాకు లేదు. ఉన్న ఒక్క మెషినూ జప్తు చేస్తే మనిద్దరం వీధి మూల నించుని చదవాలి.’

ఆ నవల బస్టాండు ఎదురుగా పుస్తకాల షాపు అద్దంలో కనపడుతూనే ఉంది. కళ్లున్న ఎవడైనా లోపలికెళ్లి, చివరి పేజీ తిప్పి చూసి, కొనకుండా బయటికి రావచ్చు. అనౌన్సరక్క ఆ అద్దం ముందు నుంచే రోజూ డ్యూటీకి వెళ్లేది. ఒక్కరోజు కూడా లోపలికి పోలేదు. ఎందుకెళ్లలేదని తర్వాత తనని తను ఎన్నిసార్లు అడుక్కుందో!

మూడో రోజు బాబాయి ఫోను చేశాడు.

‘ఏమ్మా, మన మనిషిని పట్టాల మీద వదిలేసి పోయావు?’

ఆవిడ విషయం చెప్పింది.

‘సరేలే. రికార్డు చెయ్యొద్దన్నారు గానీ నోటితో చెప్పొద్దనలేదుగా? వచ్చే ఆదివారం మావాళ్లు దాని మీదే మాట్లాడతారు. చివరికేమైందో టూకీగా చెప్పెయ్. నువ్వు మూడుసార్లు చదివావుగా!’

‘నాకూ తెలీదు బాబాయ్ గారూ’ అంటే సరిపోయేది. నాలుగు మాటలు. అవే నోట్లోంచి రాలేదు. వాటి బదులు, బస్సు ఎందుకు ఆలస్యమో తెలియకపోయినా తడుముకోకుండా చెప్పగలిగే ఆ ఇరవై రెండేళ్ల గొంతు, దానంతట అదే మొదలైంది. మంచులోంచి వచ్చేది కూతురేనట. తండ్రి పోల్చుకోలేడట. ‘కాసిని మంచినీళ్లిస్తారా?’ అని అడుగుతుందట. నీళ్లిచ్చేటప్పుడు చెయ్యి చూసి గుర్తుపడతాడట. రైలుకి గేటు దించడం ఆ ఒక్కరోజూ మర్చిపోతాడట.



‘చెయ్యి చూసి’ అన్నాడు బాబాయి. ‘ఎంత బాగా రాశాడమ్మా.’

ఫోను పెట్టేసి, ఎవరికి నష్టంలే అనుకుంది అనౌన్సరక్క.

ఆ ఆదివారం సభకి ఆవిణ్ని కూడా పిలిచారు, నవల్లోంచి రెండు పేజీలు చదవమని. ముందు వరసలో కూర్చుంది. బాబాయి రెండు కుర్చీల అవతల, ఇస్త్రీ చొక్కాలో. తన వంతు రాగానే లేచి, గేటు కాపలావాడి చేతుల గురించి మొదలుపెట్టాడు. వాచీలు పట్టిన మనిషికి చేతుల గురించి చెప్పడానికి చాలా ఉంటుంది కదా. ‘చివర్లో కూతురు నీళ్లడుగుతుంది చూడండి, అక్కడ…’

కాలేజీ లెక్చరరమ్మ నెమ్మదిగా అంది, ‘మాస్టారూ, కూతురు రాదండీ. వచ్చినవాడు రైల్వే లైన్‌మాన్. ఆ గేటు శాశ్వతంగా తీసేస్తున్నారని చెప్పడానికి వస్తాడు. ఆ అమ్మాయి ఇక రాదు. నవలంతా అదే కదండీ.’

వెనకనుంచి ఎవరో నవ్వారు. ‘చెవుల మాస్టారికి వేరే అచ్చు పంపారేమో!’

బాబాయి మొహం ముందు హాలు వైపు, తర్వాత అనౌన్సరక్క కూర్చున్న వైపు తిరిగింది. ఆవిడ చేతిసంచీ జిప్పు తీసింది. మళ్లీ వేసింది. అది ఆయనకి వినపడే ఉంటుంది.

‘నేనే నిద్రలోకి జారి ఉంటానండీ’ అన్నాడు చివరికి. ‘వయసు. క్షమించాలి.’ అని కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు.

ఆవిడ లేవలేదు. నోరు తెరవలేదు. తన వంతు వచ్చినప్పుడు ఆ రెండు పేజీలూ చక్కగా, ఒక్క తప్పు లేకుండా చదివి దిగింది.

ఆ తర్వాత బాబాయి సభకి రావడం మానేశాడు. చీటీలూ తగ్గిపోయాయి. వచ్చిన ఒకటీ అరా చీటీల్లోనూ ‘దగ్గు అనుకుంటా’, ‘తప్పు నాదేనేమో, మళ్లీ చూసుకోండి’ అని ఉండేది. అవి చదివినప్పుడల్లా ఆవిడకి తల కొట్టేసినట్టుండేది. అయినా ఏడాది గడిపేసింది.

ఏడాదికి చట్టం మారింది. ఇన్‌చార్జి గారు కాగితం ఊపుకుంటూ బస్టాండుకే వచ్చేశారు, అద్దాల గది తలుపు కొట్టారు. ‘ఇక ఎవరి గడపా తొక్కక్కర్లేదమ్మా! కళ్లు కనపడనివాళ్ల కోసమైతే, లాభం తీసుకోకుండా ఏ రూపంలోనైనా చేసుకోవచ్చట! మన మెంబర్లకి తప్ప బయటవాళ్లకి ఇవ్వకూడదు, అదొక్కటే షరతు. ముందు ఆ రైలు గేటు పూర్తి చేద్దాం. మొదటి కాపీ మన గడియారాలాయనకే!’

ఆయన కళ్లల్లో నీళ్లు. ఆ ఏడు అధ్యాయాలూ ఇప్పుడు తన గొంతుతోనే చదవాలి. లైన్‌మాన్ వస్తాడు. బాబాయి వింటాడు.

మర్నాడే వాళ్లింటికి వెళ్లింది. చిన్న గది, గోడ మీద ఏడు గడియారాలు. ఒక్క సెకను తేడా లేకుండా అన్నీ ఒక్క టిక్కుగా కొట్టుకుంటున్నాయి. పిన్ని టీ తెచ్చింది.

‘బాబాయ్ గారూ, ఆ రోజు ఫోన్లో నేను చెప్పింది ఆ పుస్తకంలో లేదు.’

‘తెలుసుగా. నేనే ఎక్కడో తప్పు విని…’

‘మీరు తప్పు వినలేదు. నేను కల్పించి చెప్పాను. చివరి అధ్యాయాలు నేనసలు చదవనే లేదు.’

పిన్ని చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

‘మూడుసార్లు చదువుతావుగా?’ అన్నాడు బాబాయి.

‘ఒక్కసారే. అదీ మైకు ముందు.’

నాలుగైంది. ఏడు గడియారాలూ ఒకేసారి నాలుగు కొట్టాయి.

‘తెలీదమ్మా అనుంటే కొరికేవాణ్ణా?’

‘పరువు పోతుందని…’

‘నీ పరువు! మరి నాది ఏ కొట్లో దొరుకుతుందనుకున్నావు?’

‘ఏడాదిగా నన్ను చంపుకు తింటున్నారమ్మా’ అంది పిన్ని. ‘రేడియోలో వార్తలు విని, “నేను విన్నది సరేనా” అని మూడేసిసార్లు అడుగుతారు. ఈయన! గోడవతల వాచీ ఆగిపోతే చెప్పే మనిషి!’

‘నువ్వుండవే’ అన్నాడు బాబాయి. తర్వాత మెల్లగా అడిగాడు, ‘ఒక్కటి చెప్పు. కళ్లున్నవాడు అడిగుంటే కల్పించేదానివా?’

ఆవిడ నోరు తెరిచేలోగా ఆయనే చెప్పేశాడు.

‘కల్పించేదానివి కాదు. వాడు కొట్టుకెళ్లి తిప్పి చూసుకుంటాడు. దొరికిపోతావు. నేనెక్కడికెళ్లి చూసుకోను?’ ఆయన చేతులు ఒళ్లో వాచీ తిప్పుతున్నట్టు కదిలాయి. ‘నాకు చెప్తే సరిపోదమ్మాయ్. ఆ హాల్లో నవ్వినవాళ్లకి చెప్పు. వచ్చే ఆదివారం నేనూ వస్తాను.’

ఆ వారమంతా అద్దాల గదిలో మైకు ఆపేసి మూడు వాక్యాలు వల్లె వేసుకుంది. ముగింపు నాకు తెలియదు. నేను కల్పించాను. మాస్టారు సరిగ్గానే విన్నారు. అంతే.

ఆదివారం హాల్లో లేచి నిలబడింది. బాబాయి మళ్లీ రెండు కుర్చీల అవతలే ఉన్నాడు. పాతిక మొహాలు తన వైపే చూస్తున్నాయి. నోరు తెరిచింది. ‘ఏడాది కిందట ఈ హాల్లో మాస్టారు మాటపడ్డారు. దాని వెనక సంగతి చెప్పాలి’ అని మొదలుపెట్టి, కొంచెం నేపథ్యం చెప్తే బాగుంటుందనుకుంది. అక్కడే గొంతు పగ్గాలు లాక్కుంది. చుక్కలకి ఒక రూలు, గొంతుకి ఇంకో రూలు. పదింటికి రెండు జవాబులు. ఆపెయ్యమన్న కాగితం. మంచులో, పట్టాల మీద, పంతొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిపోయిన పుస్తకం. షాపు అద్దంలో అందరికీ దొరికి మాస్టారికి మాత్రం దొరకని చివరి పేజీ. చెప్తున్నకొద్దీ హాలు కరిగిపోతోంది. లెక్చరరమ్మ కళ్లు తుడుచుకుంది. ‘అలా మాస్టారికి ముగింపు సరిగ్గా అందలేదు. తప్పు ఆయన చెవులది కాదు’ అంది అనౌన్సరక్క.

అంతే, చప్పట్లు! ఆ రోజు వెనకనుంచి నవ్విన మనిషే అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు. ‘సిగ్గుపడాల్సింది అలాంటి రూలు పెట్టినవాళ్లు!’ అని లెక్చరరమ్మ గట్టిగా అంది. ఎవరో మంచినీళ్లిచ్చారు. ఇప్పుడు చెప్పాలి, మిగతాది ఇప్పుడు చెప్పాలి అని లోపల అనుకుంటూనే ఉంది. ఆవిడ నీళ్లు తాగి, కూర్చుంది.

చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు, చూడండి. ఆ చట్టం అలాగే ఉండేది. అది చేసిన అన్యాయమూ నిజమే. ఆవిడ దాని వెనక నక్కింది, అంతే.

బాబాయి చప్పట్లు కొట్టలేదు. బయటికొచ్చాక ఆవిడ మోచెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిచాడు.

‘బాగా మాట్లాడావమ్మా. మీ బస్టాండు అనౌన్సుమెంటు లాగే ఉంది. ఆలస్యానికి చింతిస్తున్నాం అని. బస్సు ఆపింది ఎవరో మాత్రం చెప్పలేదు.’

చెయ్యి వదిలేసి, గోడ పట్టుకుని తనంతట తనే ఇంటి వైపు మలుపు తిరిగాడు.

మరుసటి వారం ఏడు అధ్యాయాలూ చదివింది. ఈసారి పుస్తకం కొనుక్కుని, నిజంగానే మూడుసార్లు చదివాక. ప్రతి రికార్డుకీ మొదట్లో ఒక ప్రకటన ఉంటుంది: పుస్తకం పేరు, ఎన్ని అధ్యాయాలు, చదివినవారెవరు అని. అది చదివి ఆవిడ ఆగలేదు. ‘గతంలో ఈ నవల ముగింపు తెలియకపోయినా, తెలిసినట్టు ఒక శ్రోతకి కల్పించి చెప్పాను. ఆయన విన్నది సరిగ్గానే విన్నారు. అబద్ధం నాది.’

అద్దం అవతల ఇన్‌చార్జి గారు హెడ్‌ఫోన్లు తీసేశారు. ‘ఇది తీసెయ్యమంటావా? నాలుగొందలమంది మెంబర్లు వింటారమ్మా.’

‘ఉంచండి.’

రికార్డు వెళ్లింది. పంతొమ్మిది రోజులకి కవరు తిరిగొచ్చింది, చీటీతో సహా. పిన్ని దస్తూరీ.

‘ఇరవై రెండో అధ్యాయం, ఎనిమిదో నిమిషం, గొంతు సవరించుకున్నావు. ఇరవై నాలుగు, నలభయ్యో నిమిషం, ఒక వాక్యం దాటేశావు. అనుకుంటా కాదు, ఖాయం. చివరి అధ్యాయంలో తప్పుల్లేవు. మొదటి ప్రకటనలోనూ లేవు. కానీ అమ్మాయ్, ఆ హాల్లో వాళ్లంతా కళ్లున్నవాళ్లు. ఈ రికార్డు వాళ్లకివ్వరు. అది నీకు తెలుసు.’

ఆ చీటీ ఇప్పుడు ఆవిడ చేతిసంచీలో ఉంది, అదే జిప్పు వెనక. అప్పట్నుంచి రెండు మొదటి ఆదివారాలు వచ్చి వెళ్లాయి. మొదటిసారి డ్యూటీ మార్చుకోవడం కుదర్లేదంది. రెండోసారి హాలు మెట్లదాకా వెళ్లింది. లోపల్నుంచి ఎవరో చూసి, ‘రండి రండి, మీరా!’ అని నిండుగా నవ్వి కుర్చీ జరిపారు. ఆ గౌరవం చూసి మొహం చెల్లక, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఎల్లుండి మళ్లీ మొదటి ఆదివారం. ఆ చప్పట్లు మోగుతున్నప్పుడు మీరే అక్కడ నిలబడి ఉంటే, చేతిలో ఆ నీళ్ల గ్లాసుతో, రెండు కుర్చీల అవతల ఆయన వింటూ ఉంటే, ఏం చేసేవారు?